నవ్వులపాలైన చోటే నవ్వించింది
బ్రిటిష్ టీవీలో భారతీయుడంటే ఒక యాస, ఒక వెక్కిరింత. ఆ లెక్కను తిరగరాసిన నటి, రచయిత్రి మీరా సియాల్

2001లో బీబీసీ ప్రేక్షకులకు ఓ కొత్త నాయనమ్మ పరిచయమైంది. సోఫాలో కూర్చుని, ఇంటికొచ్చిన ప్రముఖులను ఏమాత్రం మొహమాటం లేకుండా ప్రశ్నలతో ఇబ్బందిపెట్టే పంజాబీ ముసలావిడ. ఆ తెల్లజుట్టు వెనకున్న మీరా సియాల్‌కు అప్పటికి నలభై ఏళ్లు. మనవడిగా నటించిన సంజీవ్ భాస్కర్ ఆమెకన్నా రెండేళ్లే చిన్న. 2005లో వాళ్లిద్దరూ పెళ్లి కూడా చేసుకున్నారు.

కొడుకు కోసం పెరట్లోనే టీవీ స్టూడియో కట్టించిన కుటుంబం, నిజమైన తారలను ఇంటికి పిలిచి కబుర్లాడటం... ఇదీ ‘ది కుమార్స్ ఎట్ నెంబర్ 42’. 2002, 2003లలో వరుసగా అంతర్జాతీయ ఎమ్మీ అవార్డులు గెలుచుకున్న ఈ షో చూసినవారికి సియాల్ ప్రధానంగా హాస్యనటి. కానీ ఆమె ప్రస్థానంలో అసలు మలుపులు వేషాల వల్ల రాలేదు, కలం వల్ల వచ్చాయి.

ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్ దగ్గర ఎసింగ్టన్ అనే గనికార్మికుల ఊళ్లో, వలస వెళ్లిన పంజాబీ దంపతుల ఇంట ఆమె పెరిగింది. అదే వుల్వర్‌హాంప్టన్ ఎంపీ ఈనాక్ పావెల్ 1968లో వలసదారులకు వ్యతిరేకంగా చేసిన ప్రసంగం దేశమంతా చిచ్చు రేపింది. అప్పటికి ఆమెకు ఏడేళ్లు కూడా నిండలేదు. ఇక టీవీ పెడితే కనిపించేది మరో రకం అవమానం. 1974లో మొదలైన ‘ఇట్ ఎయింట్ హాఫ్ హాట్ మమ్’లో భారతీయ నౌకరు రంగీ రామ్ పాత్రను మైకేల్ బేట్స్ అనే తెల్లనటుడు మొహానికి రంగు పూసుకుని వేశాడు. 1977 నాటి ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’లో విదేశీయుల ఇంగ్లీషే జోకు. భారతీయుల మీద నవ్వడమే తప్ప వారితో కలిసి నవ్వడం ఆ తెరకు తెలియదు.

మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు, నాటకం చదివిన సియాల్‌కు ఈ సంగతి త్వరగానే అర్థమైంది. తనకు తగ్గ పాత్రలను ఇతరులు రాసేదాకా ఆగితే జీవితమంతా ఆగాల్సిందే. అందుకే చదువుకునే రోజుల్లోనే ‘వన్ ఆఫ్ అస్’ అనే ఏకపాత్ర ప్రదర్శనకు కలం పట్టింది. ఎడిన్‌బరోలో దానికొచ్చిన పేరు లండన్ రంగస్థలానికి దారి చూపింది. గురీందర్ చద్దా తీసిన ‘భాజీ ఆన్ ద బీచ్’ (1993)కు స్క్రిప్టు ఆమెదే. బర్మింగ్‌హామ్ నుంచి బ్లాక్‌పూల్ సముద్రతీరానికి ఒక్కరోజు విహారానికి వెళ్లిన ఆసియా మహిళల కథ అది. సరదాగా మొదలై, మొగుడి చేతి దెబ్బల దగ్గరికీ, పరువు పేరుతో నోళ్లు నొక్కే పెద్దల దగ్గరికీ వెళుతుంది. తన బాల్యం నీడలున్న నవల ‘అనితా అండ్ మీ’ (1996) తర్వాత బ్రిటిష్ పాఠశాలల్లో పాఠ్యగ్రంథమైంది.

1996లో రేడియోలో, 1998లో బీబీసీ టీవీలో మొదలైన ‘గుడ్‌నెస్ గ్రేషియస్ మీ’ ఆమె పేరును ఇంటింటికీ చేర్చింది. సియాల్, భాస్కర్, కుల్విందర్ ఘిర్, నీనా వాడియా అందులో ప్రధాన తారాగణం. ఆ పేరులోనే చురక ఉంది. 1960లో పీటర్ సెల్లర్స్ భారతీయ డాక్టర్ యాసలో పాడి హిట్ చేసిన పాట పేరది. ఎగతాళి చేసినవారి పాటనే తమ జెండాగా ఎగరేశారన్నమాట. తప్పతాగి ఇండియన్ రెస్టారెంట్ల మీద పడే ఇంగ్లీషు కుర్రకారును తలకిందులు చేసి, ఇంగ్లీషు హోటల్లో రభస చేస్తూ అన్నిటికన్నా చప్పిడి వంటకం ఏదని అడిగే భారతీయులను చూపిన స్కెచ్ ఇప్పటికీ మరపురానిదే.

అయితే బాణాలన్నీ అటే వెళ్లలేదు. కొడుకుల గొప్పలతో పోటీపడే తల్లులు, ప్రపంచంలో ప్రతిదీ భారత్‌లోనే పుట్టిందని వాదించే తండ్రి, ఇంటిపేరును ఇంగ్లీషులా పలికి మురిసే దంపతులు కూడా దొరికిపోయారు. ఇంటిగుట్టు రచ్చకెక్కించడం కాదా ఇది? తెల్లవాళ్లకు కొత్త వెక్కిరింతలు అందించినట్టు కాదా? ప్రశ్న న్యాయమైనదే. కానీ నౌకరు వేషంలోని పాత భారతీయుడికి పేరు, యాస తప్ప మరేమీ లేవు. సియాల్ బృందం చూపిన మనుషులకు ఆశ ఉంది, అసూయ ఉంది, దొరల మెప్పు కోసం ఆరాటం ఉంది. కొడుకు అమెరికా ఉద్యోగం గురించి ఊరంతా చాటే తల్లి తెలుగువారికీ కొత్తేం కాదు. తనను తాను గుర్తుపట్టి నవ్వుకోవడం అవమానం కాదు. సమాజం నిలదొక్కుకుందనడానికి గుర్తు.

2002లో ఏఆర్ రెహమాన్ సంగీతంతో లండన్ వేదికకెక్కిన ‘బాంబే డ్రీమ్స్’ కథారచనలోనూ ఆమె చేయి ఉంది. 2023లో బ్రిటిష్ అకాడమీ తన అత్యున్నత గౌరవమైన బాఫ్టా ఫెలోషిప్‌ను ఆమెకిచ్చింది. రంగు పూసుకున్న నటులను చూసి పగలబడి నవ్విన పరిశ్రమే ఆ రోజు ఆమె కోసం లేచి చప్పట్లు కొట్టింది. తెర మీద ఎవరు కనిపిస్తున్నారన్నది సగం ప్రశ్నే. ఆ మాటలు ఎవరు రాశారన్నది మిగతా సగం. సియాల్ రెండోదానికి ముందు జవాబు రాసుకుంది, మొదటిది వెంట నడిచింది.