వేడెక్కితేనే పనిచేసే సోలార్

రావులపాలెం నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మే నెలలో ఎండ మండిపోతుంటే మా డాబా మీది సోలార్ పలకల నుంచి అనుకున్నంత కరెంటు రావట్లేదేం?"

సిలికాన్ పలకకు కావలసింది వెలుగే, వేడి కాదు. పలక 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు చేరిందంటే దాదాపు ఏడో వంతు కరెంటు పోయినట్టే. అందుకే పలకల కింద గాలి ఆడేలా ఎత్తు వదలమంటారు. భీమవరం దగ్గర గొల్లవానితిప్పలో కాలువ మీద పలకలు పరచడంలోనూ స్థలం ఆదాతో పాటు నీటి చల్లదనం కలిసొస్తుంది.

ఇదంతా వేడిని వదిలించుకునే దారి. నన్ను నిద్రపోనివ్వనిది దీనికి పూర్తిగా ఎదురుదారి. పలకను చల్లబరచడం మాని, ఇంకా కాల్చితే?

లోహపు తీగను బాగా కాలిస్తే దాని ఒంటి మీద నుంచి ఎలక్ట్రాన్లు ఎగిరి బయటపడతాయి. పాతకాలపు వాల్వు రేడియోలు పాడింది ఈ బలంతోనే. ఎడిసన్ 1883లో తన బల్బులో ఈ ప్రవాహాన్ని కళ్లారా చూశాడు. అదేమిటో అర్థం కాలేదు. వోల్టేజి హెచ్చుతగ్గులు చూపే పరికరంగా పేటెంటు తీసుకుని పక్కన పెట్టేశాడు. ఎలక్ట్రాన్ అనేదొకటి ఉందని 1897 దాకా లోకానికే తెలియదు మరి! ఆ ఎగిరే లెక్క తేల్చిన రిచర్డ్‌సన్‌కు 1928 నోబెల్ దక్కింది.

వెలుగు కూడా ఎలక్ట్రాన్లను పెకలిస్తుంది. దానికి ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన సూత్రం తప్పని తేల్చాలని మిలికన్ పదేళ్లు పట్టుబట్టాడు. చివరికి 1916లో ఆయన కొలతలే ఆ సూత్రాన్ని నిలబెట్టాయి. అయినా వెలుగు కణాలుగా వస్తుందన్న మాట ఆయనకు అప్పటికీ మింగుడు పడలేదు. ఇంత పట్టుదలగా ఓడిపోయి, ఇంత నిజాయితీగా ఆ ఓటమిని అచ్చేసిన మనిషి మీద నాకు అపారమైన గౌరవం.

వేడికి ఎగరడం ఒక పాఠం, వెలుగుకు ఎగరడం ఇంకో పాఠం. కాలేజీ పుస్తకాల్లో ఈ రెండూ వేరు వేరు అధ్యాయాలుగానే ఉండిపోయాయి. 2010లో స్టాన్‌ఫర్డ్‌లో నికొలస్ మెలోష్ బృందం ఆ రెంటినీ ఒక్క పలకలో కలిపింది.

చేపల చెరువును ఊహించుకోండి. నీళ్లు అడుగునే ఉంటే ఎంత గాలి వీచినా అలలు గట్టు దాటవు. దాటాలంటే తుఫాను రావాలి. టంగ్‌స్టన్ తీగ పరిస్థితి ఇదే. 4.5 ఎలక్ట్రాన్ వోల్టుల గట్టు దాటాలంటే 2000 డిగ్రీల పైన కాలాలి. ఇప్పుడు ఇంజను పెట్టి నీళ్లు తోడి, మట్టాన్ని గట్టుకు జానెడు దిగువ దాకా తెచ్చామనుకోండి. ఇక మామూలు గాలికే అలలు పొర్లిపోతాయి. ఈ పలకలో ఇంజను పని వెలుగుది. అది అర్ధవాహకంలో ఎలక్ట్రాన్ల మట్టాన్ని పైకి లేపుతుంది. మిగిలిన జానెడు ఎత్తు దాటించేది వేడి. అలా దాటిన ఎలక్ట్రాన్ శూన్యంలోంచి వెళ్లి ఎదుటి పలక మీద పడుతుంది. అక్కణ్నుంచి తీగ తగిలిస్తే కరెంటే.

సిలికాన్‌కు వచ్చే నష్టం ఇక్కడ లాభంగా మారే తీరు చూడండి. నీలిరంగు వెలుగు కణంలో, అంటే ఫోటాన్‌లో, అవసరానికి మించిన శక్తి సిలికాన్‌లో వట్టి వేడిగా వృథా అవుతుంది. 1.1 ఎలక్ట్రాన్ వోల్టులకు లోపున్న పరారుణ కాంతి సిలికాన్‌కు అసలే పనికిరాదు. షాక్లీ, క్వైసర్ 1961లో వేసిన లెక్కలో ఒంటి పొర పలక సామర్థ్యం మూడో వంతు దాటకపోవడానికి ముఖ్య కారణాలు ఇవే. కొత్త పలకలో ఆ మిగులంతా అలలను లేపే గాలి అవుతుంది. మెలోష్ బృందం గాలియం నైట్రైడ్ మీద సీజియం పూత వేసి పరీక్షించింది. గట్టును తగ్గించేది ఆ పూతే. బయటపడ్డ ఎలక్ట్రాన్లలో, వాటిని లేపిన ఫోటాన్ల శక్తి కంటే సుమారు అర ఎలక్ట్రాన్ వోల్టు ఎక్కువ కనిపించింది. ఆ అరా వేడి పెట్టిన వాటా! వాళ్ల పరిశోధనా వ్యాసంలోని ఈ ఒక్క కొలత కోసం ఎన్ని పేజీలైనా చదవొచ్చు.

"యూనిట్ ఎంతకొస్తుంది?" అని వెంటనే అడుగుతారు. ఆ తొందరే నాకు నచ్చదు. సిద్ధాంతం లెక్కలో సామర్థ్యం 50 శాతం దాటాలి. ప్రయోగశాలలో వచ్చింది మాత్రం అందులో పిసరంత. గాలియం నైట్రైడ్ ఎండలో అతినీలలోహిత కాంతిని మాత్రమే పీల్చుకుంటుంది కాబట్టి, అది సూత్రం నిజమని చూపడానికే పనికొచ్చింది. డాబాల మీదికైతే ఇది రాదు. 200 డిగ్రీలు దాటితేనే ఊపందుకునే పలకకు ఎండను అద్దాలతో వందల రెట్లు కుప్పపోయాలి. కోనసీమ ఆకాశంలోని తేమా మబ్బూ నేరుగా వచ్చే కిరణాలను చెదరగొడతాయి. దీనికి అనంతపురం నయం. అక్కడ 2014లో మొదలైన మేఘా సంస్థ వారి 50 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం అద్దాలతో నూనెను కాచి, ఆవిరితో టర్బైను తిప్పేలా కట్టినదే. అలాంటి చోట ఈ పలకను ముందు నిలబెడితే, అది వాడుకోగా మిగిలిన వేడి టర్బైనుకు పోతుంది. ఒకే ఎండతో రెండు పంటలు. కాకపోతే ఆ వేడికి సీజియం పూత ఎగిరిపోకుండా నిలవాలి, రెండు పలకల నడుమ వెంట్రుక మందం కంటే సన్నని ఖాళీ చెదరకుండా ఉండాలి. అంతకు మించి ఎడమైతే దారిలో పోగుపడ్డ ఎలక్ట్రాన్లే వెనకొచ్చేవాటిని తోసేస్తాయి.