ఆటబొమ్మ చెప్పు పాఠము

బడికి పోకమునుపే బిడ్డకు పాఠము చెప్పునది ఆటబొమ్మ. తిరుపతి ఆలయ వీధులలోగాని, మన పల్లెల జాతరలలో, ఉరుసులలోగాని పిల్లలకై పెద్దలు కొను వస్తువులను పరికింపుడు. ఆడపిల్లకు లక్కపిడతలు, మగపిల్లవానికి బస్సు, క్రేను, విప్పి బిగింపదగిన యంత్రములు. వంట తక్కువ విద్య కాదు. కాని యంత్రము లోపల ఏమున్నదో చూచు అవకాశము ఒకరికి లభించి, వేరొకరికి లభింపకపోవుట విచారింపదగిన విషయము. అట్టపెట్టెపై బాలుని చిత్రమే ఉన్నచో, "ఇది నాది కాదు" అని బాలిక అక్షరములు రాకముందే గ్రహించును.

ఈ దురభిప్రాయము మన దేశమునకే పరిమితము కాదు. 1992లో అమెరికాలోని మాటెల్ సంస్థ మాటలాడు బార్బీ బొమ్మను విడుదల చేసినది. గణితము కష్టమను భావము గల వాక్యము దాని పలుకులలో ఒకటి. విద్యావంతులైన మహిళలు ఆక్షేపింపగా ఆ వాక్యము తొలగింపబడినది. 2010లో వెలువడిన పిల్లల పుస్తకమొకటి బార్బీని కంప్యూటరు ఇంజనీరుగా చూపినది. అందును ఆమె ఆటకు ఊహ మాత్రమే చేయును. ప్రోగ్రాము వ్రాయుటకు బాలుర సాయము కోరును. 2014లో విమర్శలు చెలరేగగా సంస్థ క్షమాపణ చెప్పవలసి వచ్చినది.

చరిత్ర ఈ అభిప్రాయమును సమర్థింపదు. 1919లో తెలుగు కుటుంబమున జన్మించిన అయ్యలసోమయాజుల లలిత పదునెనిమిదేండ్లకే వితంతువై, చంటిబిడ్డ తల్లియై యుండియు, 1940వ దశకమున మద్రాసు గిండీ కళాశాలలో విద్యుత్ ఇంజనీరింగు పట్టా పొందినది. ఆ పట్టాపై ముందే అచ్చైన పురుషవాచకమును కొట్టివేసి స్త్రీవాచకము వ్రాయవలసి వచ్చినది!

మన ప్రాంతమునకు వత్తము. సత్యవేడు సమీపమున శ్రీసిటీలో 2015లో సెల్‌ఫోనుల కర్మాగారము ప్రారంభమైనది. అచ్చట ఫోనులను కూర్చినవారిలో అత్యధికులు యువతులే. అయినను కూర్చుట స్త్రీల వంతు, రూపొందించుట పురుషుల వంతు అను క్రొత్త గీత ఏర్పడరాదు. 1983లో తిరుపతిలో వెలసిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమున నేడు ఇంజనీరింగు బోధింపబడుచున్నది. ద్వారము తెరచియే యున్నది; ఆ దారి పట్టు కుతూహలము మాత్రము బాల్యముననే మొలకెత్తవలెను.

కావున సోదర విద్యార్థులారా, ఇంటనున్న చెల్లెలికి బొమ్మ కొనునపుడు పెట్టెపై చిత్రమును గాక, లోపలి వస్తువును చూడుడు. వైజ్ఞానిక ప్రదర్శనలలో విద్యార్థినులకు స్వాగత పుష్పములను మాత్రమే గాక, విద్యుత్ తీగెలను, స్క్రూడ్రైవరును కూడ అప్పగించుట కళాశాల కమిటీ వారు చేయదగిన సత్కార్యము.