అనుబంధ చతుష్టయము – ధరణి పోర్టలు

శాస్త్రగ్రంథమునకు ఆదియందు నాలుగు సంగతులు తేల్చి చెప్పవలెనని పూర్వుల నియమము. గ్రంథము దేనిని గూర్చినది, దానివలన సిద్ధించు ఫలమేమి, దానిని చదువ దగినవాడెవడు, గ్రంథమునకును అందు చెప్పబడు వస్తువునకును గల సంబంధమెట్టిది అను ఈ నాలుగింటికి అనుబంధ చతుష్టయమని పేరు. సదానందుని వేదాంతసారము వీనిని ఆరంభముననే నిరూపించుచున్నది. పాఠశాలలో క్రొత్తగా శాస్త్రము మొదలిడిన బాలునకు సైతము ఇది తెలిసినదే. అయితే కంప్యూటరుపై నడచు సాధనమును నిర్మింపబూనువారు మొదటి అక్షరము వ్రాయుటకు ముందు సమాధానము చెప్పుకొనవలసిన ప్రశ్నలు కూడ ఈ నాలుగే యన్న సంగతి అంతగా గుర్తింపబడలేదు. సాఫ్టువేరు శాస్త్రజ్ఞులు ఈ పూర్వరంగమును అవసరముల నిర్ణయమందురు, పరిధి నిర్ణయమందురు. అమెరికా దేశీయుడగు ఫ్రెడరిక్ బ్రూక్స్ 1986లో సమర్పించిన ప్రసిద్ధ వ్యాసమున, సాఫ్టువేరు నిర్మాణమున అన్నిటికంటె కఠినమైన భాగము ఏమి నిర్మింపవలెనో కచ్చితముగా నిశ్చయించుటయే యని వాదించెను.

ఈ నిశ్చయము లోపించినచో కష్టపడువారు యంత్రమును వ్రాసినవారు కారు, దానిని ఆశ్రయించువారు. తెలంగాణమున ధరణి పోర్టలు చరిత్ర దీనికి చేరువనున్న ఉదాహరణము. దానిని పరిశీలించుటకు మంచిర్యాల జిల్లాలోని నస్పూరు తగిన స్థానము. సింగరేణి గనుల శ్రీరాంపూర్ ఏరియా ఇక్కడిది. భూమి క్రింద బొగ్గు, పైన పొలము, ప్రక్కన కార్మికుల కాలనీ. జిల్లా కలెక్టరు కార్యాలయ సముదాయము కూడ ఇక్కడనే 2023 జూన్ 9న ప్రారంభింపబడినది. ఒకే నేలపై ఇన్ని తెగల హక్కులు పెనవేసికొన్న చోట, భూమి లెక్కలు వ్రాయు సాధనము యొక్క పరిధి ఎంత అనునది కేవలము పండిత చర్చ కాదు.

భూరికార్డుల ప్రక్షాళన 2017 సెప్టెంబరు 15న మొదలైనది. ఆ పట్టికల ఆధారముననే మరుసటి యేడు మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ ప్రాంతమున రైతుబంధు పథకము ఆరంభమై, ఎకరమునకు ఒక్కొక్క పంటకు 4,000 రూపాయల చొప్పున పెట్టుబడి సాయము ఈయబడినది. 2020లో 1971 నాటి హక్కుల రికార్డు చట్టము రద్దయి క్రొత్త చట్టము వచ్చినది. ఆ యేడు అక్టోబరు 29న ధరణి రాష్ట్రమంతట ఒకేసారి అమలులోనికి తేబడినది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను అధికారము తహసీల్దారులకు సంక్రమించినది. రిజిస్ట్రేషనుతోపాటే మ్యుటేషను కూడ ఆ పూటనే ముగియుట ధరణివలన కలిగిన నిజమైన మేలు. అంతకుముందు క్రయపత్రము చేతికి వచ్చిన పిమ్మట పేరు మార్పునకై కార్యాలయము చుట్టు తిరుగవలసి వచ్చెడిది. వివాదము లేని భూమి గల రైతునకు ధరణి సుఖముగానే నడచినది. కాని శాస్త్రము పరీక్షింపబడునది సులభోదాహరణములయందు కాదు.

ముందుగా ప్రయోజనమును చూడవలెను. సాయము పంచుటకు కావలసినది ఒక పేరు, ఒక విస్తీర్ణము, ఒక బ్యాంకు ఖాతా. హక్కును నిర్ణయించుటకు కావలసినది చరిత్ర: ఖాస్రా పహాణీ మొదలుకొని ఎవరినుండి ఎవరికి ఎట్లు వచ్చినదను పరంపర. మొదటిదానికి చాలిన పట్టిక రెండవదానికి చాలదు. ఒకే పట్టికపై ఈ రెండు ఫలములను నిలిపినప్పుడు తొందర గల ఫలమే గెలుచుట సహజము. ఒక వాక్యమునకు రెండు ప్రధానార్థములు చెప్పరాదన్న మీమాంసకుల పట్టుదల వ్యర్థము కాదని ఇట్టి చోటనే తెలియును.

అధికారి నిర్ణయమున లోపము మరింత లోతైనది. వెనుకటి పహాణీలో పట్టాదారునకు ఒక గడి, అనుభవదారునకు మరియొక గడి ఉండెడివి. యజమాని ఒకడు, దున్నువాడొకడు కావచ్చునని ఆ కాగితమునకు తెలియును. ధరణిలో అనుభవదారుని గడి తొలగింపబడినది. కౌలురైతు లెక్కలో లేకపోయెను. తెల్లకాగితముపై భూమి కొని యేండ్ల తరబడి సాగు చేసికొనుచున్న సాదాబైనామాదారుని స్థితి అంతకంటె విషమము. 1971 నాటి చట్టమున అట్టి కొనుగోళ్లను క్రమబద్ధము చేయు మార్గముండెను. 2020 చట్టమున అది లేదు. ఆ చట్టము అమలులోనికి వచ్చిన దినములలోనే సుమారు తొమ్మిది లక్షల దరఖాస్తులు స్వీకరింపబడినవి. దరఖాస్తు పుచ్చుకొను కిటికీ ఉన్నది, పరిష్కరించు విధి లేదు. పిమ్మట విషయము హైకోర్టునకు పోయి యేండ్లు నిలిచినది. యంత్రము చెడి ఇట్లు జరిగినది కాదు. వీడును అధికారియే యని ఆదిలో ఎవరును వ్రాయకుండుటచే జరిగినది.

లక్షణమునకు అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అని మూడు దోషములు చెప్పబడినవి. పైన చెప్పినది అవ్యాప్తి. అతివ్యాప్తికి నిషేధిత జాబితా ఉదాహరణము. నస్పూరు వంటి గనుల ప్రాంతమున ఒక సర్వే నంబరునందు పది ఎకరములున్నవనుకొనుడు. అందు రెండెకరములు ప్రజావసరమునకై సేకరింపబడినవి. జాబితా సర్వే నంబరును మాత్రమే యెరిగి ఉపవిభాగమును ఎరుగకున్నచో, మిగిలిన ఎనిమిదెకరములకు కూడ క్రయవిక్రయములు ఆగిపోవును. రాష్ట్రమున పలుచోట్ల రైతులు మొరపెట్టుకొన్నది ఇట్టి చిక్కు గూర్చియే. మరి ప్రక్షాళన కాలముననే వివాదాస్పదములని తలచిన భూములు పార్టు-బి యను పేర వేరుపరుపబడినవి. కష్టమైన సూత్రములను వదలి వ్యాఖ్యానము పూర్తియైనదనుట వంటిది ఇది.

దిద్దుబాటు సంగతి వేరుగ చెప్పవలెను. తొలియేండ్లలో పాసుపుస్తకమున తప్పుపడిన పేరునైనను తహసీల్దారు స్వయముగా సవరింపరాదు. దరఖాస్తు మీ సేవ ద్వారా కలెక్టరు లాగిన్‌నకు చేరవలెను. ప్రాణహిత ఒడ్డున వేమనపల్లి రైతు తన పేరులోని ఒక అక్షరమునకై జిల్లా కేంద్రము వైపు చూడవలసిన స్థితి. సోమవారపు ప్రజావాణికి అర్జీ పట్టుకొని వచ్చువారిని అక్షరాస్యులు విసుగుకొనరాదు. ఆ అక్షరము వారు వ్రాసినది కాదు.

లోపము బయటపడిన కొలది క్రొత్త మాడ్యూలు చేర్చుచు పోగా వాని సంఖ్య ముప్పది మూడునకు చేరినది. పాసుపుస్తకపు వివరముల సవరణకు ఏర్పడిన టీఎం-33 జనుల నోట అట్లే నిలిచినది. ఇక్కడ మహాభాష్యపు పస్పశాహ్నికమున పతంజలి ప్రస్తావించిన ఐతిహ్యము స్ఫురింపక మానదు. బృహస్పతి ఇంద్రునకు శబ్దములను ఒక్కొక్కటిగా వేయి దివ్యవర్షములు ఉపదేశించినను అంతము కనబడలేదు. కనుక ఉత్సర్గమును, అపవాదమును కూర్చి లక్షణము చేయవలెనని ఆయన తేల్చెను. తప్పునకొక మాడ్యూలు ప్రతిపదపాఠమే. ఏ తెగ తప్పు ఎవరివద్ద సవరింపబడవలెను, వారి నిర్ణయముపై అప్పీలు ఎవరికి అను సామాన్య విధి ముందే యున్నచో ఇన్ని ద్వారములు తెరువ నక్కరలేదు.

నాలుగవది సంబంధము. గ్రంథమునకును విషయమునకును ప్రతిపాద్య ప్రతిపాదక భావము సంబంధమని శాస్త్రకారులు చెప్పుదురు. భూమి లెక్కకు విషయము నేల, కాగితము ప్రతిపాదకము. ఈ రెంటిని కలుపునది సర్వే, నక్షా. తెలంగాణమున మూలసర్వే నిజాముల కాలమునాటిది. ప్రక్షాళన కాగితములను కాగితములతో సరిచూచినదే గాని గొలుసు పట్టి నేలను కొలిచినది కాదు. కావున కంప్యూటరు తెరపైని ఎకరముల మొత్తము గట్టుమీది ఎకరములకు సరిపడకుండుటయు కలదు. తాళపత్రములను ఛాయాచిత్రములుగా మార్చుచున్న ప్రాచ్య కళాశాలలకును ఈ మాట వర్తించును: ఒకే కట్టలో మూడు గ్రంథములున్నప్పుడు కట్టకొక సంఖ్య వేసి చిత్రించిన జాబితా, గ్రంథమును వెదకు పరిశోధకునకు అక్కరకు రాదు. విషయము కట్టయా, గ్రంథమా యని ముందే అడిగినవారు లేరన్నమాట.

ధరణి స్థానమున భూభారతి చట్టము శాసనసభలో 2024 డిసెంబరున ఆమోదింపబడి, పోర్టలు 2025 ఏప్రిల్ 14న ఆరంభమైనది. మొదట మద్దూరు, లింగంపేట, వెంకటాపూర్, నేలకొండపల్లి అను నాలుగు మండలములందే ప్రయోగించి, మే నెలలో మరికొన్నిటికి, జూన్‌లో రాష్ట్రమంతటికి రెవెన్యూ సదస్సులు విస్తరింపజేసిరి. మాడ్యూళ్లు ఆరింటికి కుదింపబడినవి, అనుభవదారుని గడి తిరిగి వచ్చినది, సవరణకును అప్పీలునకును అంచెలు ఏర్పడినవి, సాదాబైనామాలకు చట్టమున చోటు దొరకినది. ఈ మార్పులు ఏ ప్రభుత్వము ఎవరికంటె మేలైనదని చెప్పుటకు చాలవు. ఏ ప్రశ్నలు ఆలస్యముగా అడుగబడినవో మాత్రము స్పష్టముగా చూపును. అయిదేండ్ల క్రిందట వీనిని నాలుగు మండలములలో అడిగియున్నచో వ్యయము నాలుగు మండలములదే అయియుండెడిది.

సంబంధపు ప్రశ్నకు సమాధానము ఇంకను పూర్తి కాలేదు. ప్రతి కమతమునకు భూధార్ సంఖ్య ఇచ్చుటకును, రిజిస్ట్రేషను వేళ సర్వే పటమును జతపరచుటకును చట్టము దారి చేసినది. కాని నక్షాయే లేని గ్రామములు రాష్ట్రమున నాలుగు వందలకు పైగా ఉన్నట్లు లెక్క తేలినది. 2025లో వానిలో అయిదింట ప్రయోగాత్మకముగా రీసర్వే చేపట్టిరి.