ఉద్యోగం చేస్తూ బయోమెడికల్ పీహెచ్‌డీ: గంటల లెక్క కుదురుతుందా?

తోటపల్లి గూడూరు నుంచి రోజూ నెల్లూరు వెళ్లి, ఒక ఆస్పత్రిలో వెంటిలేటర్లు, డయాలసిస్ యంత్రాలు చూసుకునే ఇంజనీరు ఉన్నారనుకుందాం. ఎంటెక్ అయింది, పీహెచ్‌డీ చేయాలనుంది, జీతం వదులుకునే వీల్లేదు. ఎన్నేళ్లు పడుతుందన్నది మొదటి అనుమానం. ఏళ్లలో వేస్తే ఈ లెక్క తేలదు, గంటల్లో వేద్దాం.

ఉద్యోగం లేని పరిశోధక విద్యార్థి వారానికి 40 గంటలు, ఏడాదికి 48 వారాలు, నాలుగేళ్లు పనిచేస్తే 7,680 గంటలు. ఇది నియమం కాదు, మన అంచనా. ప్రయోగాలు మొండికేస్తే ఇంకా పెరుగుతుంది. మన ఇంజనీరు ఐదు రోజులు డ్యూటీ అయ్యాక రెండేసి గంటలు, ఆదివారం ఆరు గంటలు కూర్చున్నా వారానికి 16. ఆ నడకన పదేళ్లు.

యూనివర్సిటీ అంతకాలం ఆగుతుందా? యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేళ్లు. ఎనిమిదేళ్లలో ముగించాలంటే వారానికి 20 గంటలు కావాలి, ఆరేళ్లలోనైతే దాదాపు 27. మహిళలకు మరో రెండేళ్ల వెసులుబాటు ఉంది, మొత్తం పదేళ్లు. కాగితం మీద వాళ్లకు వారానికి 16 గంటలు చాలు. వంటింటి పని ఎవరు పంచుకుంటారో మాత్రం ఏ నిబంధనా చెప్పదు.

డబ్బు సంగతి? పూర్తికాలం చదివే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) విద్యార్థికి 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు వస్తున్నాయి. ఐదేళ్లకు 24 లక్షలు, ఇంటద్దె భత్యం కాక. పార్ట్‌టైమ్ వాళ్లకు సాధారణంగా ఫెలోషిప్ ఉండదు. నెలకు 60,000 జీతం ఉంటే అదే ఐదేళ్లకు 36 లక్షలు. ఇంటి అప్పు వాయిదాలు నడుస్తున్నవాళ్లు ఉద్యోగం వదలకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక దూరం. బయోమెడికల్ ఇంజనీరింగ్ విభాగాలున్న చోట్లు మద్రాస్ ఐఐటీ, హైదరాబాద్ ఐఐటీ, ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ లాంటివి. (ఐఐటీలకు సొంత నిబంధనలుంటాయి, విడిగా చూసుకోండి.) దగ్గరిది చెన్నై, నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్లు. మన తోటపల్లి గూడూరులో రైలు ఎక్కలేం, జంక్షన్ ఉన్న గూడూరు వేరే ఊరు. నెల్లూరు వెళ్లి ఎక్కి, అవతల దిగి క్యాంపస్ చేరడానికి నాలుగు గంటలు వేసుకుంటే రానూపోనూ ఎనిమిది. వారంవారం వెళ్తే 20 గంటల్లో ఎనిమిది దారిలోనే పోతాయి.

మొదట్లో కోర్సువర్క్ తప్పదు. పరిశోధన పద్ధతులు నేర్పే తరగతులవి. కనీసం 12 క్రెడిట్లు. క్రెడిట్ అంటే 15 గంటల పాఠం అనుకుంటే 180 గంటలు. పదిహేను వారాల సెమిస్టరులో వారానికి 12 గంటలు, అదీ ఎక్కువగా పనిదినాల్లో.

మరి ఇదంతా అయ్యే పనేనా? ఉద్యోగంలోనే పరిశోధన దొరికితే అవుతుంది. అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది అంశం ఎంపిక గురించే. కణాలను పెంచే ప్రయోగం తీసుకున్నారనుకోండి. 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఉన్న కణాలకు రెండు మూడు రోజులకోసారి పోషకద్రవం మార్చాలి, సంక్రాంతి అయినా సరే. రొయ్యల చెరువు పెట్టినవాళ్లకు ఈ కాపలా సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. నెల్లూరులో ఉద్యోగం, చెన్నైలో కణాలు కుదిరే పని కాదు. అదే వెంటిలేటర్ అలారాలు ఎందుకు ఊరికే మోగుతున్నాయి, డయాలసిస్ యంత్రంలో ఏ భాగం ముందు పాడవుతోంది అన్న ప్రశ్నలకు సమాచారం చేతికింద యంత్రంలోనే ఉంటుంది. డ్యూటీలో వారానికి నాలుగు గంటలు ఇలా కలిసొస్తే 16 కాస్తా 20 అవుతాయి. డాక్టర్ సోమరాజు గుండె వైద్యం చేస్తూనే, డీఆర్‌డీవోలో ఉన్న అబ్దుల్ కలాంతో కలిసి 1990లలో కలాం–రాజు స్టెంట్ తెచ్చారు. అది పీహెచ్‌డీ కోసం కాదు గానీ, పుట్టింది మాత్రం చేస్తున్న పనిలోంచే.

చేతిలో ఉంది కదా అని రోగుల వివరాలు తీసేసుకోకూడదు. ఎథిక్స్ కమిటీ, అంటే రోగుల హక్కులకు భంగం కలగకుండా చూసే సంఘం, ముందు ఒప్పుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు పాత రికార్డులకూ వర్తిస్తాయి. ఆ అనుమతికి నెలలు పట్టొచ్చు, కాబట్టి కోర్సువర్క్ నడుస్తుండగానే దరఖాస్తు పెట్టుకోండి.

ఆన్‌లైన్లో చేసేయొచ్చుగా? కుదరదు. దూరవిద్యలో, ఆన్‌లైన్లో పీహెచ్‌డీకి యూజీసీ ఒప్పుకోదు. విదేశీ సంస్థలతో కలిసి కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని 2022 అక్టోబరులో హెచ్చరించింది కూడా.

దరఖాస్తుకు ముందు యాజమాన్యం నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతి ఉందని, పరిశోధనకు చాలినంత సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్సువర్క్ కోసం విధుల నుంచి వదులుతామని అందులో ఉండాలి. మొదటి రెండూ తేలిగ్గానే రాసిస్తారు. మూడోది చూసి తటపటాయిస్తారు. వారానికి రెండు రోజుల చొప్పున ఒక సెమిస్టరు సెలవు అవసరమని లెక్క రాసి చూపించి, అది కూడా అక్షరాలా రాయించుకోండి.