గాజుపలకపై మతిపరీక్ష

సంతకు బోయి బెల్లము తెచ్చుట మఱచిన వృద్ధుడు ఇల్లు చేరినపిమ్మట నాలుక కఱచుకొనును. అది మఱపు. నలువది యేండ్లు నడచిన సంతదారియే తెలియక ఆతడు నాలుగుదారుల కూడలిలో నిలిచిపోయినచో, దానిని డిమెన్షియా యని వైద్యులు పిలుచు బుద్ధిక్షయవ్యాధికి ఆనవాలుగా శంకింపవలసియున్నది. ఐనను "పెద్దతనము, అంతే" యని తోసివేయుట మన యిండ్లలో వాడుక. వైద్యుని యొద్దకు కొనిపోవునప్పటికి ఏండ్లు గడచియుండును.

మనదేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4గురు, అనగా సుమారు 88 లక్షలమంది, ఈ వ్యాధికి లోనైయున్నారని 2023లో ప్రకటింపబడిన అఖిలభారత పరిశోధన యొకటి అంచనా వేసినది. ఇందఱిని కూర్చుండబెట్టి ఓపికతో పరీక్షింపదగిన నాడీవైద్యులు మనకు చాలరు; ఉన్నవారును మహానగరములయందే యున్నారు.

ఈ లోటును తీర్పగలదని చెప్పబడుచున్నది ట్యాబ్ పరీక్ష. తెరపై కొన్ని పెట్టెలు కనబడును. అవి యొకదాని వెంట నొకటి తెఱచుకొని, లోని బొమ్మలను చూపి మూసికొనును. పిమ్మట నొక బొమ్మను చూపి, ఇది యే పెట్టెలోనిదో వ్రేలితో తాకుమనును. ఇట్టి పరీక్షలు 1980 దశకముననే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున రూపొందినవి. 1975లో అమెరికాలో వెలువడిన 30 మార్కుల కాగితపు పరీక్ష నేటికిని ప్రచారమున నున్నది గాని, అది జవాబును మాత్రమే లెక్కించును. ట్యాబ్ జవాబునకు ముందుగల తడబాటును సైతము క్షణములతో కొలిచి దాచును. అందఱినొకే తీరున ప్రశ్నించును. కొంచెము శిక్షణ పొందిన ఆరోగ్యకార్యకర్తయు పల్లెలో దీనిని నడుపవచ్చును.

గుణమిది. ఇక దోషమును విచారింతము. కొలబద్ద యెవరిని జూచి చేయబడినది? ఎన్నడును పలకబలపము పట్టని రైతుకు చదువుకొన్నవాని పరీక్ష పెట్టినచో, వ్యాధి లేకున్నను తక్కువ మార్కులు వచ్చును. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతమున పరిశోధకులు దీనిని గ్రహించి, 1995లో నిరక్షరాస్యులకు తగిన హిందీ పరీక్షను ప్రకటించిరి. వ్రాసిన ఆజ్ఞను చదివి కన్నులు మూయుమనుటకు బదులు, "నేను చేసినట్లు చేయుడు" అని పరీక్షకుడే కన్నులు మూసెను. వాక్యము వ్రాయుమనుటకు బదులు, ఇంటినిగుఱించి యొక మాట చెప్పుమనిరి. ట్యాబునకును ఇట్టి వివేకమే కావలెను. లేకున్న కంటిపొరయు, చెవుడును, తెరకు అలవాటుపడని వ్రేలును బుద్ధిలోపముగా లెక్కకు వచ్చును. మఱియొకవైపు, దీర్ఘకాలము చదివినవాడు అభ్యాసబలముచే పరీక్షను దాటి వ్యాధిని దాచుకొనవచ్చును.

మన భాషలో ఈ కృషి లేకపోలేదు. భారత వైద్య పరిశోధనా మండలి అయిదు దేశభాషలలో సిద్ధపఱచిన పరీక్షలలో తెలుగు ఒకటి. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థయందు 648మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితము మఱింత ఆలోచింపదగినది. రెండు భాషలు మాటాడువారికి, ఏకభాషులకంటె నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా ఈ వ్యాధి పొడచూపినది. అక్షరజ్ఞానము లేనివారియందును ఈ భేదము కనబడినది. తెలుగును ఉర్దూను కలిపి బేరమాడు బజారు బుద్ధిని సీమకొలతతో కొలువరాదనుటకు వేఱు సాక్ష్య మేల?

ఐనను లక్షణములు లేని వృద్ధులనందఱిని పరీక్షింపుమనుటకు గాని, వలదనుటకు గాని చాలినంత ప్రమాణము లేదని అమెరికాలోని నివారకవైద్యసేవల సంఘము 2020లో తేల్చినది. కావున శంక కలిగినవారికే పరీక్ష తగును. తక్కువ మార్కు తీర్పు కానేరదు. థైరాయిడ్ లోపము, బి12 విటమిన్ కొఱత, మనోవ్యాకులత, కొన్ని నిద్రమాత్రలు సైతము మతిని మందగింపజేయును. ఇవి చికిత్సకు లొంగునవి.

భూవసతిగల కుటుంబములకు ఒక మాట చెప్పక తప్పదు. ట్యాబు చూపిన అంకెను పట్టుకొని తండ్రిచేతినుండి పట్టాదారు పాసుపుస్తకమును లాగుకొను పుత్రులు పుట్టకపోరు. 1872నాటి ఒప్పందముల చట్టపు 12వ సెక్షను, ఒప్పందము చేయు క్షణమున దానిని గ్రహించి తన మేలుకీడులను వివేచింపగలడా యని మాత్రమే అడుగుచున్నది. మార్కులు అడుగుట లేదు. వ్యాధిని ముందుగా గుర్తించుటలోని ప్రధానలాభము సరిగా దీనికి విరుద్ధమైనది. బుద్ధి నిలిచియున్నపుడే పెద్దాయన తన భూమినిగుఱించి, వైద్యమునుగుఱించి, తనను ఎవరు చూచుకొనవలెనను దానినిగుఱించి తానే చెప్పగలుగును. పరీక్ష ఆయనకొఱకు జరుగవలెను. ఫలితము మొదట ఆయనకే తెలియవలెను.

ప్రభుత్వములు పల్లెలకు ట్యాబులను పంపదలచినచో, ముందు తెలుగువారి వయస్సునకును చదువునకును తగిన కొలతలు సిద్ధపఱచవలెను. కన్నును చెవిని పరీక్షించిన పిమ్మటనే పలకను చేతికీయవలెను. శంక కలిగినవారిని పంపుటకు జిల్లాయందొక వైద్యుని నియమింపవలెను. వైద్యుడు లేని చోటికి పలకను మాత్రము పంపుట, భయమును పంచుట యగును.