తోట పందిరికి పూల తోరణం – సహజ అలంకరణే శ్రేయస్కరం

శుభకార్యాలకు పందిరి వేసి తోరణం కట్టడం తెలుగువారి అనాది ఆచారం. నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ సమీపంలోని అహోబిల క్షేత్రం నుండి ఏటా కనుమ నాడు బయలుదేరే పారువేట పల్లకికి పరిసర గ్రామాలు భక్తిశ్రద్ధలతో స్వాగతం పలకడం విదితమే. ఇంటి తోటలోని పందిరిని సైతం స్వల్ప వ్యయంతో శోభాయమానంగా అలంకరించుకోవచ్చు.

శాశ్వత పందిరికి శిల్పకళకు పేరొందిన ఆళ్లగడ్డ రాతి స్తంభాలు, తాత్కాలిక పందిరికి వెదురు గుంజలు అనువైనవి. ప్రవేశమార్గంలో పచ్చి వెదురు బద్దలను విల్లువలె వంచి, గుంజలకు కొబ్బరితాడుతో బిగించాలి. మనిషి తల తగలకుండా కనీసం 7 అడుగుల ఎత్తు ఉండాలి. తొలుత మామిడాకులు, అటుపై బంతి, చేమంతి దండలను జానెడు దూరానికొక ముడి చొప్పున అరటినారతో కట్టాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే నంద్యాల ఎండలకు మల్లె, కనకాంబరం త్వరగా వాడిపోతాయి గనుక వాటిని సాయంవేళ చేర్చడం మేలు. ఏటేటా పూలు కొనే అవసరం లేకుండా రాధామనోహరం, సన్నజాజి తీగలను గుంజల చెంత నాటుకోవచ్చు.

అలంకరణకు వాడే థర్మోకోల్‌పై 2022 జూలై 1 నుండి దేశవ్యాప్తంగా నిషేధం అమలులో ఉంది. సహజ పుష్పాల వినియోగం పూలరైతుకు, దండలు కట్టే మహిళలకు ఉపాధినిస్తుంది. వాడిన పూలను కుందూ నదిలోనో, కాలువలలోనో పారవేయక ఎరువుగా మార్చుకుంటే అదే తోటకు మేలు చేకూరుతుంది.