కంప్యూటరు తుడిచి మళ్ళీ ఎక్కించినా లైసెన్సు నిలుపుకోవడం ఎలా?

పాల సంఘాలలో లెడ్జర్ల స్థానంలో కంప్యూటర్లు వచ్చిన తరువాత పని తేలికయింది. ఉదయం, సాయంత్రం సభ్యులు పోసిన పాల తూకం, వెన్న శాతం, వెన్నేతర ఘనపదార్థాల శాతం యంత్రాల నుండి నేరుగా కంప్యూటరులోకి చేరుతున్నాయి. చిట్టీ అక్కడికక్కడే సభ్యుని చేతికి వస్తున్నది. అయితే ఆ కంప్యూటరు మొరాయించిన రోజున కార్యదర్శికి కాలూ చేయీ ఆడదు. పెట్టెను బండి మీద పెట్టుకొని జగిత్యాలకో, కోరుట్లకో, సిరిసిల్లకో పరుగెత్తవలసి వస్తుంది. అక్కడ మెకానిక్ చూసి, "విండోస్ పాడయింది, అంతా తుడిచి మళ్ళీ ఎక్కించాలి" అని చెప్పవచ్చు. ఆ మాట నిజమే కావచ్చు. కాని దాని వెనుకనే, "పాత లైసెన్సు పోతుంది, కొత్తది కొనాలి" అనే మాట కూడా వస్తే కొంచెం ఆగి ఆలోచించాలి. అదే కంప్యూటరులో అదే రకం విండోస్‌ను మళ్ళీ ఎక్కించినప్పుడు అసలు లైసెన్సు సాధారణంగా పోదు. పోని దానికి డబ్బు చెల్లిస్తే ఆ ఖర్చు సంఘం మీద పడుతుంది. సంఘం సొమ్మంటే సభ్యులు పోసిన పాల సొమ్మే గదా!

లైసెన్సు ఎక్కడ ఉంటుంది?

విండోస్ కొన్న హక్కు డిస్కు మీద ఉంటుందనీ, డిస్కు తుడిస్తే అదీ తుడిచిపెట్టుకు పోతుందనీ చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. విద్యుత్ కనెక్షనుతో పోల్చి చూస్తే ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది.

సిరిసిల్ల ప్రాంతంలో ఇంటింటికీ కరెంటు ఇచ్చేది 1969లో ఏర్పడిన సహకార విద్యుత్ సరఫరా సంఘం, అంటే మనం 'సెస్' అని పిలుచుకునే సంస్థ. జగిత్యాల, కోరుట్ల వైపు ఈ పని ఎన్‌పీడీసీఎల్ చేస్తున్నది. ఇంట్లో పాత వైరింగు పీకి కొత్త వైరింగు వేయించుకున్నంత మాత్రాన ఎవరూ కొత్త సర్వీసు నంబరు తీసుకోరు. ఆ నంబరు గోడలోని వైర్లలో లేదు. అది ఆ ఇంటి పేర ఆఫీసు రికార్డులో ఉన్నది. విండోస్‌ను తిరిగి ఎక్కించడం వైరింగు మార్చడం వంటిది. లైసెన్సు సర్వీసు నంబరు వంటిది.

ఈ రికార్డు ఏ రూపంలో ఉంటుందన్నది కంప్యూటరు వయసును బట్టి మారుతుంది. విండోస్ 7 కాలపు యంత్రాలకు పెట్టె మీద ఒక చీటీ అతికించి వచ్చేది. దానిపై అయిదేసి అక్షరాల చొప్పున అయిదు గుంపులుగా మొత్తం 25 అక్షరాలు, అంకెలు ఉంటాయి. దీనినే ప్రోడక్ట్ కీ అంటారు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుండి పెద్ద కంపెనీలు విండోస్‌తో సహా అమ్మే యంత్రాలలో ఈ కీని మదర్‌బోర్డులోని చిప్‌లోనే భద్రపరుస్తున్నాయి. విండోస్ ఎక్కించేటప్పుడు దానంతట అదే ఆ కీని చదువుకుంటుంది. 2015లో వచ్చిన విండోస్ 10తో డిజిటల్ లైసెన్స్ పద్ధతి ప్రవేశించింది. ఇందులో కంప్యూటరు లోపలి భాగాల గుర్తులు మైక్రోసాఫ్ట్ కంపెనీ సర్వర్లలో నమోదై ఉంటాయి. కంప్యూటరును ఒకసారి ఇంటర్నెట్‌కు కలిపితే, "ఈ యంత్రానికి లైసెన్సు ఉన్నది" అని సర్వరు గుర్తుపట్టి ఆమోదిస్తుంది. దీనినే యాక్టివేషన్ అంటారు. 2021లో వచ్చిన విండోస్ 11లోనూ ఇదే పద్ధతి అమలులో ఉన్నది.

పెట్టె విప్పకముందు చేయవలసినవి

కంప్యూటరు నెమ్మదించినా, ఇంకా తెరుచుకుంటున్నంత కాలం ఈ పనులు చేసుకోవడానికి వీలుంటుంది. పూర్తిగా ఆగిపోయే దాకా వాయిదా వేయరాదు.

మొదట సెట్టింగ్స్ తెరవండి. విండోస్ 10 అయితే 'అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ' కింద, విండోస్ 11 అయితే 'సిస్టమ్' కింద 'యాక్టివేషన్' అనే పేజీ ఉంటుంది. అందులో రెండు విషయాలు చూడాలి. ఒకటి, విండోస్ రకం. హోమ్, హోమ్ సింగిల్ లాంగ్వేజ్, ప్రో అని రకాలున్నాయి. మన దేశంలో అమ్మే ల్యాప్‌టాప్‌లలో హోమ్ సింగిల్ లాంగ్వేజ్ తరచుగా కనిపిస్తుంది. రెండు, యాక్టివేషన్ జరిగిందా, జరిగితే డిజిటల్ లైసెన్స్ ద్వారానా అన్నది. ఈ పేజీని ఫోనుతో ఫోటో తీసి, వివరాలను సంఘం స్టాకు రిజిస్టరులో కంప్యూటరు పద్దు పక్కన రాసుకోవాలి. పెట్టె మీద కీ చీటీ ఉంటే దానిని కూడా ఫోటో తీయాలి. దుమ్ము, చెమ్మ తగిలి ఆ అక్షరాలు చెరిగిపోతుంటాయి.

తరువాత లైసెన్సును మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు జత చేయాలి. ఈ సౌకర్యం 2016 నుండి ఉన్నది. అదే యాక్టివేషన్ పేజీలో అకౌంట్ చేర్చే వీలుంటుంది. జత అయిన తరువాత "లింక్డ్ టు యువర్ మైక్రోసాఫ్ట్ అకౌంట్" అన్న మాటలు కనిపిస్తాయి. ఈ అకౌంట్ సంఘం పేర ఉండాలి. మెకానిక్ అకౌంట్‌తోనో, కార్యదర్శి సొంత అకౌంట్‌తోనో పని కానిచ్చేస్తే, రేపు కార్యదర్శి మారినప్పుడు చిక్కు వస్తుంది. అకౌంట్ పేరు, పాస్‌వర్డు ఒక కవరులో పెట్టి, సీలు వేసి, అధ్యక్షుని వద్ద ఉంచడం మంచిది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది పాల లెక్క. లైసెన్సు పోతే డబ్బుతో కొనుక్కోవచ్చు. పది రోజుల పాల లెక్క పోతే ఏ సభ్యునికి ఎంత ఇవ్వాలో తేలదు. మైక్రోసాఫ్ట్ సర్వరులో లైసెన్సు రికార్డు ఉంటుందే గాని మన పాల లెక్క ఉండదు. కాబట్టి తుడవకముందే పాల సాఫ్ట్‌వేరు నుండి బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టాలి. ఆ పెన్‌డ్రైవ్‌ను మరో కంప్యూటరులో పెట్టి, ఫైలు తెరుచుకుంటున్నదో లేదో చూడాలి. 'రీసెట్' అనే పద్ధతిలో "నా ఫైళ్ళు ఉంచు" అని ఎంచుకున్నా, మనం విడిగా ఎక్కించుకున్న సాఫ్ట్‌వేర్లు తొలగిపోతాయి. వాటితో పాటు లెక్కల ఫైలు కూడా పోయే ప్రమాదం ఉన్నది. పాల సాఫ్ట్‌వేరుకు వేరే లైసెన్సు ఉంటే దానిని తిరిగి ఎలా పొందాలో అమ్మిన వారిని ముందే అడగండి. తూకం యంత్రం, పాల పరీక్ష యంత్రం ఏ పోర్టు నంబరుకు కలిపి ఉన్నాయో కూడా రాసుకుంటే మళ్ళీ అమర్చడం సులువవుతుంది.

తిరిగి ఎక్కించేటప్పుడు

విండోస్ ఎక్కించే ప్రతిని మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్ నుండే ఉచితంగా దింపుకోవచ్చు. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. ఎక్కించేటప్పుడు కీ అడిగితే "ఐ డోంట్ హావ్ ఎ ప్రోడక్ట్ కీ" అన్న దానిని ఎంచుకొని ముందుకు సాగవచ్చు. డిజిటల్ లైసెన్స్ ఉన్న యంత్రానికి కీ అవసరం లేదు.

ఇక్కడే ఒక తప్పు జరిగే అవకాశం ఉన్నది. రకం అడిగినప్పుడు పాత రకాన్నే ఎంచుకోవాలి. హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఉన్న యంత్రానికి "ప్రో మంచిది" అని ప్రో ఎక్కిస్తే సర్వరు దానికి ఆమోదం ఇవ్వదు. ఇంటి కనెక్షను తీసుకొని దుకాణం నడిపితే కరెంటు ఆఫీసు వారు ఊరుకోనట్లే ఇది కూడా. అటువంటప్పుడు లైసెన్సు పోయిందని అనుకోవద్దు. సరైన రకం ఎక్కిస్తే తిరిగి ఆమోదం వస్తుంది.

పని ముగిశాక కంప్యూటరును ఇంటర్నెట్‌కు కలపాలి. ఊళ్ళో వేరే సౌకర్యం లేకపోతే సెల్‌ఫోను హాట్‌స్పాట్ సరిపోతుంది. సాధారణంగా కొద్దిసేపటిలోనే యాక్టివేషన్ అవుతుంది. ఆలస్యమైనా కంగారు పడనవసరం లేదు. యాక్టివేషన్ కాని విండోస్ 10, 11 తెర మూలన ఒక గుర్తు చూపిస్తాయి, తెర రంగులు మార్చుకోనివ్వవు. అంతేగాని కంప్యూటరు తాళం పడదు. సాయంత్రం పాల సేకరణ ఆగదు. ఆ సమయంలో తొందరపడి డబ్బు కట్టవద్దు.

మదర్‌బోర్డు మారితే

హార్డు డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేసినా, ర్యామ్ పెంచినా సాధారణంగా లైసెన్సుకు ఇబ్బంది రాదు. మదర్‌బోర్డు మారిస్తే మాత్రం సర్వరుకు అది కొత్త కంప్యూటరుగా కనిపిస్తుంది. ఇది వైరింగు మార్చడం కాదు, ఇల్లే మార్చడం.

అప్పుడు లైసెన్సు ఎటువంటిదన్నది ముఖ్యం. కంప్యూటరుతో పాటు వచ్చిన లైసెన్సు ఆ కంప్యూటరుకే చెందుతుంది, వేరే యంత్రానికి పనికిరాదు. అయితే చెడిపోయిన బోర్డు స్థానంలో కంపెనీ వారు వారంటీ కింద అటువంటిదే వేసినప్పుడు ఆ లైసెన్సు వర్తిస్తుంది. విడిగా కొన్న లైసెన్సునైతే ఒక యంత్రం నుండి తీసి మరొక యంత్రానికి మార్చుకోవచ్చు. ముందుగా అకౌంట్‌కు జత చేసి ఉంటే, యాక్టివేషన్ పేజీలోని 'ట్రబుల్‌షూట్' ద్వారా హార్డ్‌వేరు మార్చినట్లు తెలిపి, హక్కు ఉన్నంత మేరకు తిరిగి పొందడానికి వీలుంటుంది. బిల్లు లేనివారు ఏ రకం లైసెన్సు ఉన్నదో చూపలేరు. కనుక కొనుగోలు బిల్లును వోచర్ల ఫైలులో జాగ్రత్తగా ఉంచాలి. వోల్టేజి హెచ్చుతగ్గులకు, పిడుగులకు బోర్డులు కాలిపోకుండా మంచి ఎర్తింగు, యూపీఎస్ పెట్టుకోవడం అన్నిటికన్నా చవక.

దొంగ యాక్టివేషన్ వద్దు

కీ లేకుండానే విండోస్‌ను "పర్మనెంట్" చేస్తామని కొందరు ఒక చిన్న ప్రోగ్రాము నడుపుతారు. అది నడవడానికి ముందుగా వైరస్ రక్షణను ఆపేయమంటారు. కాపలా కుక్కను కట్టేసి కొట్టం తలుపు తెరిచినట్లు ఉంటుంది ఈ వ్యవహారం. ఆ ప్రోగ్రాము లోపల ఇంకేమి ఉన్నదో మనకు తెలియదు. ఇటువంటి కంప్యూటర్లలో అప్‌డేట్లను కూడా ఆపేయడం కద్దు.

అప్‌డేట్లు లేకపోతే ఏమవుతుందో 2017 మే నెలలో ప్రపంచమంతా చూసింది. వన్నాక్రై అనే దొంగ ప్రోగ్రాము అనేక దేశాలలో కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. దానిని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసింది. వేసుకోని యంత్రాలే దెబ్బతిన్నాయి. మన సంఘం కంప్యూటరులో సభ్యుల బ్యాంకు ఖాతాల నంబర్లు, బాకీల వివరాలు ఉంటాయన్న సంగతి మరువరాదు.

పాత యంత్రాల సంగతి

విండోస్ 7కు 2020 జనవరి 14తోను, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తోను మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. మద్దతు ముగిసినంత మాత్రాన విండోస్ 10 లైసెన్సు రద్దు కాలేదు, తిరిగి ఎక్కిస్తే యాక్టివేషన్ అవుతుంది. కాని రక్షణ తగ్గుతుంది. కనుక తుడిచి ఎక్కించే పని ఎలాగూ పడినప్పుడు, యంత్రానికి తాహతు ఉంటే విండోస్ 11 ఎక్కించడం మేలు. విండోస్ 10 డిజిటల్ లైసెన్స్ అదే రకం విండోస్ 11కు చెల్లుతుంది. విండోస్ 7, 8 కీలతో నేరుగా కొత్త విండోస్‌ను యాక్టివేట్ చేసుకునే దారిని మాత్రం 2023 సెప్టెంబరులో మూసివేశారు. అంతకు ముందే విండోస్ 10కు మారి లైసెన్సు పొందిన యంత్రాలకు ఇబ్బంది లేదు.

పాలకవర్గం చేయవలసినది

కంప్యూటరు వివరాలు, విండోస్ రకం, అకౌంట్ పేరు, బిల్లు నంబరు ఒకే పేజీలో రాసి ఉంచాలని పాలకవర్గం ఒక తీర్మానం చేసుకోవాలి. పాల లెక్క బ్యాకప్‌ను ప్రతి బిల్లుకు ముందు విధిగా తీయించాలి. రిపేరుకు పంపేటప్పుడు ఆ పేజీ నకలును పెట్టెతో పాటు పంపి, "ఇదే రకం ఎక్కించండి, లైసెన్సు మాకు ఉన్నది" అని చెప్పాలి. తిరిగి వచ్చాక యాక్టివేషన్ పేజీ చూసిన తరువాతనే కూలి చెల్లించాలి. పాలలో వెన్న శాతం చూడకుండా మనం ధర కట్టము గదా, ఇదీ అటువంటిదే. మొత్తం మీద ఒక గంట పని. బర్రెకు మేత వేసి, పాలు పితికి, తెల్లవారుజామునే కేంద్రానికి తెచ్చి పోసే సభ్యుని సొమ్ము అనవసరంగా పోకుండా కాపాడటానికి ఆ గంట వెచ్చించడం సంఘాల బాధ్యత.